‘యాడ నొస్తుందో చెప్పు’: మా బాలకిష్టయ్య ఉస్తాద్

మంగళవారం పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా బడి పిల్లలను మైదానంలో వరుసగా నిలబెడుతుండగా ఫోన్ మోగింది. బాలకిష్టయ్య ఉస్తాద్ ఇక లేరని వనపర్తి తాలీం మిత్రుడొకరు చెప్పాడు. నమ్మలేక మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. యౌవనం నుంచి వార్ధక్యం దాకా బరువులెత్తి, మా అందరిచేతా ఎత్తించిన ఆ బలశాలిని ఒక హెర్నియా పొట్టన పెట్టుకుంది. గజ్జల్లో నొప్పిని దాచుకోవద్దని జీవితమంతా బోధించిన మనిషి ఆ నొప్పినే దాచుకొని వెళ్ళిపోయారు. ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే ఉంది.

వనపర్తిలో ఒక రేకుల షెడ్డే ఆయన తాలీం, అంటే కసరత్తుశాల. అక్కడికి వచ్చే కుర్రవాళ్ళు భుజం నొస్తే గర్వంగా చెప్పుకునేవారు. గజ్జల్లో నొస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. నడుము పట్టిందని అబద్ధం చెప్పి, లంగోటీ ఇంకాస్త బిగించి, మళ్ళీ బరువు కిందికే పోయేవారు. బిగిస్తే నొప్పి ఆగుతుందని మా అందరి మూఢ విశ్వాసం. ఉస్తాద్ కూర్చునే తీరు చూసే కనిపెట్టేవారు. నలుగురిలో అడగకుండా పక్కకు తీసుకెళ్ళి, “నడుము పట్టినోడు గట్ల కూసోడు. సిగ్గు నాకాడ పెట్టకు, యాడ నొస్తుందో చెప్పు” అనేవారు.

చెప్పిన తరువాత ఆయన దగ్గర మాయలూ మంత్రాలూ ఉండేవి కావు. ఆ పూటకు బరువు దించమనేవారు. బట్టలో చుట్టిన మంచు పెట్టించేవారు. వేడి నూనెతో రుద్దించుకొచ్చిన వాణ్ణి చెడామడా తిట్టేవారు. దగ్గితే గజ్జల్లో ఉబ్బు కనబడుతుందా అని తప్పక అడిగేవారు. ఉబ్బుందంటే ఇక ఆయన వైద్యం లేదు. స్వయంగా బండి మీద కూర్చోబెట్టుకొని దవాఖానకు తీసుకెళ్ళేవారు. అలా ఆయన వెంట వెళ్ళి ఆపరేషన్ చేయించుకొన్నవాళ్ళు ఈరోజు లారీలకు బస్తాలెత్తి పిల్లలను చదివించుకుంటున్నారు.

నా సంగతీ చెప్పాలి. రాష్ట్ర పోటీలకు రెండు నెలలుందనగా, బరువుతో గుంజీ తీసి లేస్తుంటే తొడ లోపలి పక్క కలుక్కుమంది. ఉస్తాద్ మరునాడే జాబితాలో నా పేరు తీయించారు. నేను అలిగి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనేమో రోజూ మా ఇంటికొచ్చి, చుట్టిన దుప్పటిని నా మోకాళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కమనేవారు. నొస్తే ఆపమనేవారు, నొప్పి లేకపోతే ఇంకాస్త నొక్కమనేవారు. “మెడల్ వచ్చే ఏడు గూడ ఉంటది. కాలు పోతే యాడ తెస్తవ్?” అన్నారొకరోజు. ఆ తరువాత ఒట్టి రాడ్డు, ఆ పైన రాడ్డుకు చిన్న ఇనుప బిళ్ళలు. ఏడాది తిరిగేసరికి నేను మళ్ళీ నా పాత బరువు ఎత్తాను. ఈ వ్యాయామోపాధ్యాయుడి ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష.

ఇక ఆయన ప్రాణం మీదికి తెచ్చిన జాతర సంగతి. మా పెద్దమందడి వైపు ఒక ఊళ్ళో జాతరనాడు గుండ్రాయి ఎత్తే పోటీ జరుగుతుంది. బరిలోకి దిగే ప్రతి తాలీం తరఫున ముందు ఉస్తాద్ ఆ గుండును భుజానికెత్తాలి. ఆయన ఎత్తకపోతే శిష్యులు దాన్ని ముట్టకూడదు. ఈసారి ఆయన గజ్జల్లోనే ఉబ్బుందని మాలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ ఆచారాన్ని గంగలో కలిపి ఇంటికి తీసుకొచ్చేవాళ్ళం. ఆయన లంగోటీ బిగించుకొని, గుండుకు మొక్కి, ఎత్తి భుజాన పెట్టుకొని, నవ్వి, దించారు. మా కుర్రవాళ్ళు గెలిచారు. డప్పులతో ఊరేగించారు.

మరునాటి నుంచి వాంతులు. గ్యాస్ అన్నారు. సోడా తాగి పడుకున్నారు. నొప్పి భరించలేని స్థితికి వచ్చాకే దవాఖానకు వెళ్ళారు. అప్పటికే పేగు ఇరుక్కొని కుళ్ళిందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేశారు గానీ ప్రాణం నిలబడలేదు. ముందే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదట. ఆ మాట ఆయనే మాకు ఎన్నిసార్లు చెప్పలేదు! మహానుభావులు మాకు మార్గం చూపి తాము ఎందుకిలా దారి తప్పుతారో నాకు తెలియదు. కోపంగా ఉంది. ఎవరి మీద చూపించాలో తోచడం లేదు.

అంత్యక్రియలయ్యాక ఆయన భార్య ఈశ్వరమ్మ దగ్గర కూర్చున్నాను. ఉబ్బు సంగతి మీకైనా తెలుసా అని అడిగాను.  

“ఊరోళ్ళ నొప్పులన్నీ ఇంటికొచ్చి నాకు చెప్తుండె బిడ్డా. వానికి గజ్జల్ల పట్టింది, వీనికి తొడల పట్టింది అని. తనది ఒక్కటి చెప్పలే.”

గురువర్యా, మీలాంటి మనిషి మా పాలమూరుకు మళ్ళీ దొరకడు. మా సిగ్గునంతా మీ దగ్గర విప్పుకొని మేమందరం బతికాం. పక్కకు పిలిచి యాడ నొస్తుందని అడగడానికి మీకు మాత్రం ఒక ఉస్తాద్ లేకపోయాడు.