ఖాళీగా ఉండాల్సిన చెరువు

పోయిన వారం ఆ పార్కు గేటు దగ్గర జీపు దిగగానే నిప్పుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన గుప్పుమంది. సన్నగా తుంపర పడుతోంది. బండి దగ్గరి మనిషి కాలిన పొత్తు మీద ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్క రుద్దుతోంది. ఆ వాసనతో జరీనా బేగం గారు గుర్తొచ్చారు. వానాకాలం తనిఖీకి వస్తే ఆవిడకి ఒక పొత్తు, నాకొకటి. రెండూ ఆవిడే కొనేవారు. పోయినవాళ్ళు గుర్తొస్తే మనుషులకి కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఆవిడ తలపుకొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అది చల్లారాలని నేను ఏనాడూ కోరుకోలేదు.

తొంభైల నడుమ నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆవిడ మా పై ఇంజనీరు. కొండపల్లి మనిషి. ముతక నూలు చీర, గట్టి గొంతు, చేతిలో మగవాళ్ళు పట్టుకునే పొడవాటి నల్లగొడుగు. భవానీపురం అవతల, కొండ కింద ఉన్న ఆ చిన్న పార్కు మా అజమాయిషీలో ఉండేది. పార్కులో కొండ వైపు ఒక లోతైన పల్లం, దానికి దిగువన వంపు తిరిగిన మట్టికట్ట. కట్ట దిగి పార్కు గోడ దాటితే ఇరుకు వీధి. రేకుల ఇళ్ళు, ఒక బాల్వాడీ, గుమ్మాల్లో అంట్లు తోముకునే ఆడవాళ్ళు. ఆ పల్లంలో చుక్క నీరు ఉండేది కాదు. నాది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. కట్ట ఉండి నీళ్ళు లేకపోవడమంటే మా ఇళ్ళలో అదొక దరిద్రం కింద లెక్క. మొదటి రోజే నోరు జారాను.

"ఇంత కట్ట పోసి నీళ్ళు నిలపలేదేంటి మేడం? మా ఊళ్ళో అయితే నవ్వుతారు."

ఆవిడ నా వంక చూసి పొత్తు కొరకడం ఆపారు. "మీ కంకిపాడోళ్ళకి నీళ్ళంటే కాలవలో వచ్చేవేనమ్మాయ్. ఫలానా రోజు వదులుతున్నామని పేపర్లో వేసి మరీ వస్తాయి. కొండ నీళ్ళు చెప్పి రావు. ఒక్కసారే మీద పడిపోతాయి. వాటిని కాసేపు ఇక్కడ కూర్చోబెట్టి నెమ్మదిగా పంపడానికే ఈ కట్ట. ముందే నింపి పెట్టుకుంటే ఆ వచ్చేవాటిని ఎక్కడ కూర్చోబెడతావ్? నీ నెత్తి మీదా?"

కట్ట అడుగున తూము ఎప్పుడూ తెరిచే ఉండేది. నిలిచిన నీరు దాంట్లోంచి మెల్లగా కాలవలోకి పోయేది. నీరు మరీ ఎక్కువైతే పక్కన రాళ్ళు పరిచిన అలుగు మీదుగా పొర్లి బయటపడేది. ఈ రెండు దారులూ తెరిచి ఉన్నంతకాలం కట్టకి ఢోకా లేదు. అంత సులువైన సంగతి. దాన్ని అర్థం చేసుకోని వాళ్ళతోనే ఆవిడ బతుకంతా గడిచింది.

వాన వెలిశాక ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని కట్ట వెనక, అది నేలను తాకే పాదం పొడుగునా నడిచేవారు. నన్నూ చెప్పులు విప్పమనేవారు. చెమ్మ కంటికి కనబడేలోపే అరికాలికి తెలుస్తుందట. ఎలుకబొక్క కనిపిస్తే గొడుగు మొన దూర్చి ఎంత లోతుందో చూసి, మనుషుల్ని పిలిచి మట్టి కూరించి దిమ్మిసతో గట్టిగా కొట్టించేవారు. "ఈవిడ గొడుగు వానకి విప్పగా ఎవరన్నా చూశారా?" అని ఆఫీసులో పరాచికాలాడేవారు. ఆవిడకి వినబడేలాగే ఆడేవారు.

ఒకసారి ఒక పెద్దమనిషి షామియానాలు వేయించుకుని, కట్ట మీద వరసగా మొక్కలు నాటి ఫొటోలు దిగి వెళ్ళాడు. రావి, మర్రి, వేప. అన్నీ మహావృక్షాలే. మర్నాడు పొద్దున్నే జరీనా మేడం దగ్గరుండి ఒక్కొక్క మొక్కనీ వేరు తెగకుండా తీయించి పార్కు గోడ వెంట పాతించారు. "చెట్టంటే పడని ఇంజనీరు" అని పేరొచ్చింది. "చెట్టు ఎండిపోతుందమ్మాయ్, దాని వేరు లోపల కుళ్ళుతుంది. కుళ్ళిన వేరంటే ఏంటి? కట్టకి అడ్డంగా మనమే వేసిన గొట్టం" అన్నారు నాతో. ఆ మాట ఆవిడ అందరికీ చెప్పారు. వినడానికి ఎవరికీ తీరిక లేదు, వెక్కిరించడానికి మాత్రం ఉంది.

రెండువేల సంవత్సరం దాటాక పార్కుకి అందం తేవాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. తూము మూసేశారు. అలుగుకి అడ్డంగా గోడ కట్టి, దాని మీద బాతుల బొమ్మలు వేయించారు. పల్లం నిండింది. తొక్కుడు పడవలు వచ్చాయి. జనం మురిసిపోయారు. పెద్ద ఇంజనీరు గదిలో ఆ రోజు నేనూ ఉన్నాను.

"జరీనా గారూ, ప్రజలకి కాస్త ఆహ్లాదం ఉండొద్దా అండీ?" అన్నాడాయన నవ్వుతూ.

"కట్ట కింద ఉన్నోళ్ళు ప్రజలు కారా సార్?"

ఆయన నవ్వు ఆగిపోయింది. గోడ మాత్రం అలాగే ఉంది.

ఆ ఏడు దసరా వెళ్ళాక వాయుగుండం పట్టింది. పొద్దుటినుంచీ ఎడతెగని వాన. మధ్యాహ్నం మేము వెళ్ళేసరికి కొండ మీంచి ఎర్రటి నీళ్ళు మెట్ల దారుల్లో దూకుతున్నాయి. చెరువు అప్పటికే నిండుకుండ. కట్ట పైఅంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. మేడం చెప్పులు విప్పి కట్ట వెనక్కి దిగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఆవిడ పాదాల దగ్గర మట్టిలోంచి నీరు ఊరుతోంది. దోసిట పట్టి నాకు చూపించారు. బురదనీళ్ళు. "తేటగా ఉంటే భయం లేదు. బురదగా వస్తోందంటే కట్ట లోపల కరిగిపోతోంది" అన్నారు. పార్కు గోడ అవతల బాల్వాడీలో పిల్లలు గట్టిగా పద్యం వల్లిస్తున్నారు.

ఫోనులో పెద్ద ఇంజనీరు చెప్పింది పక్కనున్న నాకూ వినబడింది. "ఎల్లుండి పడవల ప్రారంభం పెట్టుకున్నాం. నేను చెప్పేదాకా గోడ ముట్టుకోవద్దు."

ఆవిడ ఫోను కట్టేశారు. "గునపాలు తెండి. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి" అన్నారు మనుషులతో. నన్ను బాల్వాడీకి తరిమారు. నేను పిల్లల్ని పెద్ద రోడ్డు మీదికి చేర్చి తిరిగొచ్చేసరికి బాతులు ముక్కలై పడున్నాయి. అలుగు మీంచి నీళ్ళు హోరుమని కాలవలో పడుతున్నాయి. కాలవ పొంగి వీధిలో గుమ్మాల దాకా వచ్చింది. అంతే, వీధి వీధంతా ఆవిడ మీద పడింది. "మా ఇళ్ళ మీదికి నీళ్ళు వదిలావేంటమ్మా, నువ్వసలు మనిషివేనా!" ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, ఊట ఆగేదాకా కట్ట పాదం దగ్గరే నిలబడ్డారు. నీరు దిగింది. కట్ట నిలిచింది. ఒక్క ప్రాణం పోలేదు.

ఆవిడ చేసిన నేరం అదే. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశారని విచారణ పెట్టారు. నేను సాక్షిని. బురదనీళ్ళు నా కళ్ళతో చూశానని చెబితే, "మీకింకా అనుభవం లేదు, కూర్చోండి" అన్నాడు విచారణాధికారి. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"కట్ట తెగుతుందన్నారు. తెగలేదు కదండీ?"

"తెగనివ్వలేదు కాబట్టి తెగలేదు సార్."

"దానికి రుజువేది?"

"రుజువు కావాలంటే ఆ వీధిలో శవాలు లేవాలి సార్. అంత రుజువు నేను తేలేకపోయాను."

పొగరని రాసుకున్నారు. ప్రమోషన్ ఆపి, గుంటూరు అవతలికి బదిలీ చేశారు. ఇరవై మంది పిల్లలు నీళ్ళలో కలిసిపోయి ఉంటే ఈ పాటికి విగ్రహాలూ పరామర్శలూ అయ్యేవి. పిల్లలు ఇంటికెళ్ళి అన్నం తిన్నారు గనక ఆవిడకి శిక్ష పడింది. ఇంకో విచిత్రం, ప్రమాదం లేదని వాదించిన ఏ ఒక్కరూ ఆ గోడ మళ్ళీ కట్టమని సంతకం పెట్టలేదు. తూము మళ్ళీ తెరిచారు, పడవలు ఒడ్డునే తుప్పుపట్టాయి. ఆవిడ ఆ బదిలీ మీదున్నప్పుడే రిటైరయ్యారు. చివరిసారి కొండపల్లిలో ఇంటికెళ్ళి "అన్యాయం జరిగింది మేడం" అంటే విసుక్కున్నారు. "నాకు జరిగిందాని గురించి ఏడవకు. తూము తెరిచే ఉందా లేదా, అది చెప్పు."

ఇప్పుడు ఆవిడ కూర్చున్న కుర్చీ నాది. పోయిన వారం పార్కుకి వెళ్ళింది ఆ వీధివాళ్ళు పిలిస్తేనే. రేకుల ఇళ్ళు డాబాలయ్యాయి. కట్ట చదును చేసి బళ్ళు పెట్టుకునే చోటు ఇమ్మంటున్నారు. వాళ్ళ తరఫున ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఈ వీధిలో పుట్టి పెరిగినోణ్ణండీ. ఎంత తుఫానొచ్చినా మా ఇళ్ళలోకి నీళ్ళు రాలేదు. మాది అదృష్టం ఉన్న వీధండీ. ఇంకా ఈ కట్టెందుకు చెప్పండి?"

కట్ట కదపడానికి వీల్లేదని చెప్పాను. నా గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది. తగ్గించుకోలేదు.

"అది అదృష్టం కాదండీ. మా జరీనా బేగం గారు."