చిటికెన వేలు లేని పాదం

మా నాయనమ్మ రిబ్కమ్మను చూస్తే కొల్లేరు రెండడుగులు వెనక్కి వేస్తుంది. నీళ్లపాములు ఆవిడ నడిచే దారిలోంచి తల వంచుకుని తప్పుకుంటాయి. వరదొచ్చిన ఆదివారం ఆవిడ పడవలో నిలబడి చెయ్యెత్తితే అలలు అణిగిపోయాయి. మా లంకలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. వాళ్లకు ఆ మాట ముందుగా ఎవరు చెప్పారన్నది ఇప్పుడు అనవసరం.

అసలు సంగతేమిటంటే రిబ్కమ్మ భయపడని వస్తువు లోకంలో లేదు. బల్లికి భయం, మిక్సీ మోతకు భయం, సూదిమందుకు భయం. ఫోను మోగితే ఎవరో పోయారనే అనుకుంటుంది. అన్నిటికంటే పెద్ద భయం నీళ్లు. ఆవిడ పుట్టింది తాడేపల్లిగూడెం అవతల మెట్ట ఊళ్లో. అక్కడ నీళ్లు బావిలో ఉండేవి, తోడితేనే బయటికి వచ్చేవి. పెళ్లయ్యాక కొల్లేటి మధ్యలోని లంకకు కాపురానికి వస్తూ పడవలో తాతయ్య చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుంది. యాభై ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. తాతయ్య పోయాక పడవలో పక్కన ఎవరుంటే వాళ్ల చొక్కా పట్టుకుంటుంది.

ఇంత పిరికి మనిషికి మా చర్చిలో ఒక పని ఉంది. పన్నెండేళ్ల కిందట ఏలూరు నుంచి తెల్ల టైల్స్ తెచ్చి చర్చిలో వేయించారు. కొల్లేటి బురద నల్లగా, జిగురుగా ఉంటుంది. చెప్పులు బయట విడిచినా అది కాళ్లతో పాటు లోపలికి వస్తుంది. కాళ్లు కడుక్కుని రమ్మని పాస్టరుగారు మూడు ఆదివారాలు మైకులో చెప్పారు. ఎవరూ వినలేదు. నాలుగో ఆదివారం రిబ్కమ్మ బకెట్టు, చెంబు, పాత తువ్వాలు తెచ్చుకుని గుమ్మం పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, వేళ్ల సందుల్లో బురద తోమి, తుడిచి లోపలికి పంపింది. అప్పటి నుంచి ఒక్క వారం తప్పలేదు. లోపల కూర్చుంటే లేచి దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటారని భయపడి గుమ్మం దగ్గరే ఉండిపోయిందని మనవల అనుమానం. ఆవిడ ఇంతవరకు కాదనలేదు.

వంచిన తల ఎత్తి చూడదు గనుక ఊళ్లో వాళ్లందరినీ కాళ్లతోనే గుర్తుపడుతుంది. అందులో ఒక జత వెంకటనరసమ్మది. ఆవిడకు ఎనభై దాటాయి, చెవుడు, చూపు సగమే. చర్చికి వచ్చే మనిషి కాదు, వాళ్ల దేవుళ్లు వేరు. అయినా ఆదివారం పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ వచ్చి చర్చి మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపేది. కుడికాలికి చిటికెన వేలు లేదు. ఎప్పుడో గాలం గుచ్చుకుని కుళ్లితే తీసేశారు.

"నీ దేవుడు నాకొద్దు గానీ, ఒసేయ్ రిబ్కా, నీ చెంబు నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయే" అనేది.

"ఆ కాలు కాస్త ఇటు పెట్టండి పెద్దమ్మగారూ."

"గట్టిగా తోమకే. ఉన్న వేళ్లన్నా ఉండనీ."

కాళ్లు ఆరేదాకా కూర్చుని, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయేది.

వెంకటనరసమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన సూర్యనారాయణ, చిన్నాయన జనార్దనరావు. తల్లికి అన్నం పెట్టడానికి నెలకొకరు చొప్పున వంతు వేసుకున్నారు. ఒకటో తారీఖున ఆవిడే బట్టల మూట చంకన పెట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచి వెళ్లాలి.

వరదొచ్చిన నెల ఒకటో తారీఖు ఆదివారం పడింది. ఎగువన కురిసిన వానలకు ఆ పొద్దున్నే కొల్లేరు చేపల చెరువుల గట్లు దాటి ఊరి మీదికి వచ్చింది. ఊరు ఖాళీ చెయ్యమని మైకులో చెప్పారు. అందరినీ పడవల మీద రోడ్డు పక్కనున్న హైస్కూలుకు చేర్చారు. రిబ్కమ్మ ఒడ్డున పెట్టే కేకలు వినలేక ఆవిడను మొదటి పడవలోనే ఎక్కించేశారు.

స్కూలు దగ్గర దిగేసరికి చేతులు వణుకుతున్నాయి. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక వరండాలో ఒక బకెట్టు వెతికి పట్టుకుంది. పడవ దిగి బురదకాళ్లతో వస్తున్న ప్రతివాళ్లకూ నీళ్లు పోసింది. పోస్తుంటే వణుకు తగ్గింది. మధ్యాహ్నానికి పడవలు ఆగిపోయాయి. వీఆర్వోగారి కాగితంలో అన్ని పేర్లకూ టిక్కు పడింది. పులిహోర పొట్లాలు పంచారు.

రిబ్కమ్మ పొట్లం విప్పలేదు. వేలు లేని పాదం తన చేతిలోకి రాలేదు.

తనే మరిచిపోయిందేమోనని గదిగదికీ తిరిగి దుప్పట్లెత్తి కాళ్లు చూసింది. నలుగురు తిట్టారు. చివరికి సూర్యనారాయణ కనబడ్డాడు.

"అమ్మగారేరండీ?"

"తమ్ముడి దగ్గరుంది. ఇవాళ ఒకటో తారీఖు కదా" అన్నాడాయన, పులిహోర తింటూనే.

తమ్ముడు జనార్దనరావు పంపు దగ్గర ఉన్నాడు. "మా ఇంటికింకా రాలేదు. అన్నయ్యే పడవెక్కించి ఉంటాడు" అన్నాడు.

ఆవిడ ఏ పడవా ఎక్కలేదని రిబ్కమ్మకు అర్థమైంది. ఇప్పుడీ మాట మగవాళ్లందరి మధ్య నిలబడి పైకి చెప్పాలి. పన్నెండేళ్లుగా ఏ పనికి భయపడి గుమ్మం దాటలేదో ఆ పనే వచ్చి మీద పడింది. వీఆర్వోగారి ముందుకు వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"వెంకటనరసమ్మగారి కాళ్లు రాలేదండీ."

"కాళ్లు రాకపోవడం ఏమిటమ్మా? పేరు వచ్చింది కదా, ఇంటివాళ్లు చెబితేనే వేశాను, ఇదిగో టిక్కు."

"పేరు వచ్చిందండీ. కాళ్లు రాలేదు."

అన్నదమ్ములిద్దరినీ పిలిచారు. పొద్దున్న టీ ఇచ్చి మూట కట్టి పంపేశానని పెద్దాయన అన్నాడు. అప్పటికే ఇంటికి తాళం వేసి పడవెక్కేశానని చిన్నాయన అన్నాడు. నీ వంతంటే నీ వంతని గొంతులు లేచాయి.

చేపల చెరువుల ఆసామి అబ్బాయిరాజు దగ్గర ఇంజను పడవ ఉంది. తాళం చెవి తీస్తూ, "ఏ ఇంట్లో వెతకాలో చెప్పండి. చీకటి పడేలోపు రావాలి, నీళ్లింకా పెరుగుతున్నాయి" అన్నాడు.

ఎక్కడుందో రిబ్కమ్మకు తెలుసు.

"ఇళ్లల్లో ఉండరు రాజుగారూ. ఆదివారం కదండీ. నా కోసం చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటారు. నేనే ముందు వచ్చేశాను."

"అయితే నువ్వే ఎక్కమ్మా. కొత్తవాళ్లు చెయ్యేస్తే ఆవిడ కర్రతో కొడుతుంది. కొడుకులిద్దరినీ ఎక్కించానంటే వంతుల దగ్గరే పడవ తిరగబడుతుంది."

ఎక్కింది. అబ్బాయిరాజు చొక్కా పట్టుకుంది. కళ్లు మూసుకోవడానికి కూడా లేదు, దారి చూపించాలి. ఎక్కడ చూసినా ఒకటే నీళ్లు. చెరువేదో, గట్టేదో, రోడ్డేదో తెలియడం లేదు. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొచ్చి పడవకు అడ్డం పడుతోంది. కరెంటు స్తంభానికి పాములు చుట్టుకుని ఉన్నాయి. చెరువుల్లోంచి తప్పించుకున్న చేపలు ఎగురుతుంటే పడవలో పడతాయేమోనని ఒళ్లు ముడుచుకుంది. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉందని, ఇంజను మోతలో వినపడలేదు గానీ అంత ప్రార్థన ఎక్కడా చూడలేదని అబ్బాయిరాజు తర్వాత అందరికీ చెప్పాడు.

చర్చి గేటుకు గొలుసు వేసి ఉంది. పడవ లోపలికి పోదు. గేటు పక్కన మనిషి పట్టే సందు, అక్కడి నుంచి మెట్ల దాకా పదిహేను అడుగులు. పై మెట్టు మీద మూట నెత్తిన పెట్టుకుని వెంకటనరసమ్మ కూర్చుని ఉంది. నీళ్లు ఆవిడ మోకాళ్లు దాటాయి. పిలిస్తే వినపడదు. పడవ వదిలితే కొట్టుకుపోతుంది గనుక అబ్బాయిరాజు దిగలేడు.

రిబ్కమ్మ ఒక కాలు దించింది. మళ్లీ పైకి తీసుకుంది. మళ్లీ దించింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. గోడ పట్టుకుని ఏడుస్తూ నడిచింది. కాలికి ఏదో మెత్తగా రాసుకుని పోయింది. అక్కడే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. అబ్బాయిరాజుకైతే గంటసేపనిపించిందట. తర్వాత మళ్లీ నడిచింది. మెట్టెక్కి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. కర్ర లేచి, ఆ చెయ్యి తెలిసినదని గుర్తుపట్టి దిగింది.

"ఎంతసేపే నీ కోసం? ఇవాళ ఆదివారం కాదా?" అంది వెంకటనరసమ్మ. "నీళ్లు ఇన్నెందుకు పోశావే?"

స్కూలుకు వచ్చాక రిబ్కమ్మ ఆ పాదాలు కడగడానికి కూర్చుంది గానీ, చేతులు ఊగిపోయి చెంబు నిలవలేదు. సూర్యనారాయణ వచ్చి చెంబు అందుకున్నాడు. జనార్దనరావు తువ్వాలు తీసుకున్నాడు. ఎవరి వంతన్న మాట రాలేదు.

"చిటికెన వేలు దగ్గర మెల్లిగా బాబూ" అంది రిబ్కమ్మ. తర్వాత గోడకు చేరబడి పులిహోర పొట్లం విప్పింది.

నీళ్లు తీశాక వచ్చిన మొదటి ఆదివారం పాస్టరుగారు శాలువా కప్పుతాం రమ్మని రిబ్కమ్మను మైకులో పిలిచారు. "బయట బురద ఎక్కువగా ఉందండీ" అని గుమ్మంలోంచే చెప్పి, మనుషులు లేని చెప్పుల వైపు కూడా నీళ్లు చల్లుతూ కూర్చుంది. శాలువా ఇప్పటికీ పాస్టరుగారి బీరువాలోనే ఉంది.

ఇదంతా రాసి మొదటి నుంచి చదివి వినిపిస్తే, రిబ్కమ్మ చింతకాయ తొక్కు దంచడం ఆపకుండా వింది. కొల్లేరు వెనక్కి తగ్గిన చోట మూతి తిప్పింది. అబ్బాయిరాజు చెప్పిన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి రోకలి ఆపింది.

"ప్రార్థనా లేదు, ఏమీ లేదు. 'వెనక్కి తిప్పెయ్యండి రాజుగారూ' అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ మాట రాస్తే రాయి, లేకపోతే ఆ కాగితాలు పొయ్యిలో పెడతాను."