దించని కందుల మూట

సంఘమంతటికీ ప్రభువు పేరిట వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, నేను నాగల్‌గిద్ద కోడలు సుగుణను, మీకు ఎరికైనదాన్నే. అగో, పందిరి గుంజ కాడ కందుల మూట నెత్తిన పెట్టుకొని నిలబడ్డది మా అత్త శాంతమ్మ. మన జాతర ఆనవాయితీ మీకు తెల్సిందే, మేలు పొందినోళ్ళు సాక్ష్యం చెప్తున్నంత సేపు ఇంటి పెద్ద కొత్త పంట నెత్తిన మోస్తూ నిలబడాలె, సాక్ష్యం అయినంక ప్రభువు బల్ల ముంగట దించాలె. మా అత్తకేమో మెడనొప్పి, నాకేమో నోటికి ఆగుడు తెల్వదు, అయినా ఇయ్యాల దేవుడు ఆమె మెడకు బలం ఇస్తడని నమ్మి మొదలుపెడ్తున్న.

మా చీకటి దినాలు జొన్నరొట్టెల కాడ మొదలైనయి. ఒకనాడు పొద్దున పొయ్యి ముంగట కూసొని రొట్టె కొడుతున్న, ఉన్నట్టుండి తలల ఎన్నడూ ఎరగని నొప్పి, పెంక మీద రొట్టె మాడుతున్నది నా కండ్లకు కనబడుతనే ఉన్నది కాని తీద్దామంటే చెయ్యి లేవలేదు, ఇగ వాంతి అయింది, ఫిట్స్ వచ్చినయి, పక్కకు ఒరిగిపోయిన. గాలి సోకిందని ఒకరు, దిష్టి తాకిందని ఇంకొకరు, నిమ్మకాయలు పట్టుకొని ఉరికొచ్చినరు. మా అత్త వాళ్ళను గడపల్నే ఆపి, నా కోడలుకు యేసయ్య ఉన్నడు, ఆ నిమ్మకాయలు మీ పప్పుల పిండుకోండ్రి అన్నదట! నా పెనిమిటి ప్రసాదు ఆటో నడుపుతడు, ఆ ఆటోలనే నన్ను దగ్గరున్న ఖేడ్ దవాఖానకు తీస్కపోయిండు. తల లోపల చూసే మిషన్ ఇక్కడ లేదని వాళ్ళు సంగారెడ్డికి, అక్కడివాళ్ళు హైదరాబాదుకు పంపినరు.

హైదరాబాదు పెద్ద దవాఖానల స్కానింగ్ తీసి చెప్పినరు, నా మెదడుల రక్తనాళాలు పుట్టుకతోనే సక్కగ అల్లుకోలేదట, చిక్కుపడ్డ దారం లెక్క ఒక్కకాడ ముద్దకట్టినయట, అండ్లకెల్లి రక్తం కారిందట. ఆ ముద్ద ఉన్న తావు మాట పుట్టే తావు, కోసి తీస్తే మాట పోవచ్చునన్నరు. అందుకని కత్తి పెట్టలేదు, తలకు చట్రం బిగించి, సన్నటి కిరణాలను ఆ ముద్ద మీదికే గురిపెట్టి వదిలినరు, అంతే. నాకు నొప్పి గూడ పెద్దగ తెల్వలేదు. ఇంత పెద్ద జబ్బుకు గింత చిన్న వైద్యమా అని మా ఆయన మస్తు సంబురపడ్డడు.

అప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూసోబెట్టి చెప్పిన మాట నేను ఇప్పటికీ మర్వలేదు. "అమ్మా, కిరణాలు పెట్టంగనే పని అయిపోయిందనుకోకండి. ఆ నాళాలు మెల్లమెల్లగ మూసుకుపోవాలి, రెండు మూడేళ్ళు పట్టొచ్చు. పూర్తిగా మూసుకునేదాకా రక్తం కారే భయం అట్లాగే ఉంటుంది." ఏ గుర్తులు కనబడితే ఉరికి రావాలెనో చెప్పింది, ఫిట్స్ బిళ్ళలు ఆపొద్దన్నది. మా ఆయన మళ్ళొకసారి చెప్పమన్నడు, ఆమె ఇసుక్కోకుండ మళ్ళ చెప్పింది. దేవుడు ఆమెను దీవించును గాక.

మేము ఊరికి వచ్చేటాల్లకు సంఘమంత ఉపవాస ప్రార్థనల ఉన్నది. మా అత్త అప్పటికే మొక్కుకున్నది, నా కోడలు లేచి తిరిగితే జాతరల సాక్ష్యం చెప్పిస్త, చేన్ల ఎల్లిన తొలి కందులు నెత్తిన మోస్త అని. నేను లేచి తిరుగుతనే ఉంటి గదా, మరి బాగైనట్టే అని ఆమె లెక్క. ఆ ఏడు జాతరల మన సంఘ పెద్ద సంగప్పన్న నా పేరు పిలిచిండు. అత్త మూట ఎత్తుకొని, కొత్త చీర కట్టుకొని, ఇగో ఇట్లనే నిలబడ్డది, ఆమె మొకంల సంతోషం చూస్తే నా గుండె చెరువైంది.

సహోదరులారా, ఆ గడియల నేను రెండు దిక్కుల ఆలోచన చేసిన. స్వస్థత అయిందంటే అందరూ చప్పట్లు కొడుతరు, మా అత్త మొక్కు తీరుతది. కాని బాగైందని నేనే మైకుల చెప్పి, రేపు మళ్ళ పడిపోతే, దీనికి ఆ రోగం ఎప్పుడో పోయింది, ఇది ఎండదెబ్బ అని మొకం మీద నీళ్ళు చల్లి కూసుంటరు గదా! అదీగాక, దేవుడు సగం చేసిన పనిని పూర్తయిందని చెప్పుడు ఆయనకు మహిమ ఎట్లయితది? అందుకని కండ్లు మూసుకొని చెప్పేసిన. "నేను ఇంక బాగుకాలేదు. దేవుడు పని మొదలుపెట్టిండు, అది నడుస్తున్నది. నాకు ఒక్కసారే తల పగిలేటట్టు నొచ్చి వాంతి అయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ప్రార్థన చేసుకుంటనే నన్ను జల్దీ దవాఖానకు తీస్కపోండ్రి."

సంగప్పన్న మైకు తీస్కొని, బిళ్ళలు కొంగుకు కట్టుకొని సాక్ష్యమేంది, విశ్వాసం ఉన్నోళ్ళు మాట్లాడే మాటేనా ఇది, సాక్ష్యం కానప్పుడు మూట దించుడు లేదు అన్నడు. అన్నా, అక్కడ కూసొని తల వంచుకోకు, నీ మీద నాకు కోపం లేదు, తర్వాత సంగతి గూడ చెప్త. మా అత్త ఆ మూటను నెత్తిమీద నుంచి దించకుండ, అందరు చూస్తుండంగ జాతర నడిమిట్లకెల్లి ఇంటికి మోసుకపోయింది. ఆనాటి నుంచి నాతోని మాట బంద్.

ఆ కందులను వేరే కుండల పోసి మూతికి బట్ట కట్టింది, పప్పుకు కరువైనా ముట్టనియ్యలేదు. మళ్ళ పంట ఎల్లంగనే పాతయి తీసి కొత్తయి పోసింది. ఊర్ల ఆడోళ్ళు నన్ను నల్లా కాడ ఆపి, ఏం సుగుణా, నరాలు మూసుకున్నయా అని, పాలు తోడుకున్నయా అని అడిగినట్టే అడుగుతుండిరి. నాకు ఏడుపు వచ్చేది, అయినా నవ్వి, ఇంక లేదక్కా అని ఆ గుర్తులన్నీ మళ్ళ చెప్పేదాన్ని. నా ప్రార్థన గూడ అంతే ఉండేది, ప్రభువా, నా అత్త మూట దించే దినం చూపించు అని. ఒక మాట చెప్పాలె, మా అత్త మాట్లాడకపోయినా, తెల్లారంగనే నా పక్కన బిళ్ళ, చెంబెడు నీళ్ళు పెట్టి పోయేది, ఒక్కనాడు గూడ తప్పలేదు.

రెండో ఏడు, తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న దినాలు. మా ఇంట్ల ఆడోళ్ళ కూడిక, నేను పాట ఎత్తుకున్న. ఎత్తుకున్న పాటల తర్వాతి మాట నోటికి రాలేదు, ఏదో వంకర మాట వచ్చింది. పాట మరిచిన అనుకున్నరు కొందరు. మా అత్త దిగ్గున లేచి, "మాట తడబడ్డది! లేవుండ్రి, ప్రార్థన బండ్ల చేసుకుందాం" అన్నది. అందరికీ ఒక్కసారే అర్థమైంది. నీళ్ళు చల్లలేదు, నూనె పెట్టలేదు, కొందరు నన్ను ఒత్తిగిల పండబెట్టినరు, కొందరు బండికి ఉరికినరు. మా ఆయన ఆటో ఖేడ్‌ల చిక్కుకున్నది, బస్సులన్నీ డిపోల ఉన్నయి, ఊర్ల ఉన్నది ఒక్క సంగప్పన్న జీపే.

అన్న అన్నం ముంగటకెల్లి లేచి వచ్చిండు. దారి పొడుగునా రాళ్ళు, టైర్లు అడ్డం పెట్టి ఉన్నయి, ఆపినకాడల్లా దిగి, మా బిడ్డ తలల రక్తం కారుతున్నది తమ్ముడూ అని చెప్పిండు, ఆ పిలగాండ్లే రాళ్ళు పక్కకు జరిపినరు. మా అత్తది బీదర్ దిక్కు పుట్టినిల్లు, భయమైతే ఆమెకు కన్నడమే వస్తది. నా తల ఒళ్ళె పెట్టుకొని, "దేవరే, ఈ మగూన కై బిడబేడ" అని ఒక్కటే ప్రార్థన, ఈ బిడ్డ చెయ్యి విడవకు అని. నాకు సగం తెలివి ఉన్నది, ఆ మాట మాత్రం వినబడుతనే ఉన్నది.

హైదరాబాదుల మళ్ళ రక్తం కారిందన్నరు, వేళకు తెచ్చినరు గనుక బతికిందన్నరు. దేవునికే మహిమ! మాట మెల్లగ తిరిగొచ్చింది, మొదలు పలికింది అత్తమ్మా అని, తన పేరు పిలవలేదని మా ఆయన ఇప్పటికీ అలుగుతడు. సంగప్పన్న మంచం కాళ్ళ కాడ నిలబడి, "నువ్వు ఆనాడు జాతరల చెప్పకపోతే, నేను తలకు నూనె రాసి ప్రార్థన చేసుకుంట కూసుంటుంటి బిడ్డా" అన్నడు, అని కండ్లు తుడుచుకున్నడు.

మళ్ళ ఎదురుచూసుడే. మొన్న పంట ఎల్లినంక, నరాలకు మందు ఎక్కించి ఫోటో తీసినరు. డాక్టరమ్మ ఆ ఫోటో చూపించి, ఇదిగో, ఆ చిక్కుముడి ఇగ లేదు, రక్తం అటు పోతలేదు, మూసుకుపోయింది అన్నది. మా ఆయన మళ్ళొకసారి చెప్పమన్నడు, ఆమె నవ్వి మళ్ళ చెప్పింది. ఫిట్స్ బిళ్ళలు మాత్రం ఇంకొన్నాళ్ళు మింగాలెనట, ఇగో నా కొంగుకే ఉన్నయి, సంగప్పన్నా, ఈసారి ఏమంటవో అను!

నా ప్రియులారా, మీ ఇండ్లల్ల గూడ సగం నడుస్తున్న పనులు ఉంటయి, అప్పు సగం, రోగం సగం, తాగుడు మానుడు సగం. సగమే అయిందని చెప్పుకునేటందుకు సిగ్గుపడకండ్రి. మీ భయం సంఘానికి చెప్పండ్రి, మందు మింగండ్రి, యేసయ్య చెయ్యి పట్టుకొని ఉండండ్రి. ఎదురుచూస్తున్న దినాలల్ల గూడ ఆయన నాతోనే ఉన్నడు, జీపుల ఉన్నడు, రాళ్ళు జరిపిన చేతుల్ల ఉన్నడు, మాట్లాడని మా అత్త పెట్టిన చెంబు నీళ్ళల్ల ఉన్నడు. ఆయనను నమ్మండ్రి, ఆయన మొదలుపెట్టిన పని నడుమ విడువడు. ఆయనకే మహిమ, ఆయనకే స్తోత్రం.

నా సాక్ష్యం అయింది. అత్తమ్మా, ఇగ దించు.