పరిచయం పెండింగులో ఉంది

ప్రెస్సులో ఆవిడను అందరూ ప్రూఫమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని ఒకటే, అచ్చుకు వెళ్ళబోయే ప్రతి పేజీనీ చదివి తప్పులు దిద్దడం. దిద్ది ఊరుకోదు. ఆ పేజీని మళ్ళీ తెప్పించుకుని, తను దిద్దింది దిద్దినట్టు ఎక్కిందో లేదో చూస్తుంది. దాన్ని రెండో ప్రూఫు అంటారు. చాలా ప్రెస్సుల్లో రెండో ప్రూఫు ఎప్పుడో ఎత్తేశారు. ఇక్కడ ఎత్తేయనివ్వంది ఆవిడే.

నాలుగేళ్ళ కిందట పేజీలు కట్టే ఆయన మానేస్తే ఆ పని కూడా ఆవిడ నెత్తినే పడింది. అదే నెలలో పాత కంప్యూటర్ పోయింది. ఎవరో పారేయబోతున్న కంప్యూటర్ ఒకటి ఓనరు పట్టుకొచ్చాడు. మెకానిక్ దాంట్లో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేరు, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, “దీనికి వైరస్ రాదు, పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు” అన్నాడు. అన్నమాట ప్రకారం ఆయన మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు.

ప్రూఫమ్మ దాన్ని చదివి నేర్చుకుంది. లినక్స్ వాడేవాళ్ళు తెలుగులో రాసుకునే గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బా మూత పెట్టాక ఫోనులో ఆ గుంపు పేజీలు తిరగేసేది. నాలుగేళ్ళలో అక్కడ ఒక్క ముక్క రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

ఆ సోమవారం వచ్చింది. కంప్యూటర్ తనంతట తనే ఏవో మార్పులు దించుకుని మళ్ళీ మొదలైంది. అప్పటినుంచి పెద్ద ప్రింటర్ ప్రతి పేజీకీ అడుగున నాలుగు వేళ్ళ మేర తెల్లగా వదిలేస్తోంది. చేతిలో ఉన్నది వానపాముల మీద ఒక రిటైర్డ్ లెక్చరరు రాసిన పుస్తకం. ఆయన వానపాముల సంగతి పైన రాసి, తోటి లెక్చరర్లతో తగాదాలన్నీ అడుగున ఫుట్‌నోట్లలో పెట్టుకున్నాడు. ఇప్పుడు తగాదాలన్నీ మాయం.

ఓనరు ఆ పేజీని వెలుతురుకేసి ఎత్తి చూశాడు.

“శనివారం పొద్దున అచ్చుకి ప్లేట్లు చెయ్యాలి ప్రూఫమ్మా. కుదరకపోతే చెప్పెయ్యండి. మా బావమరిది కొత్త కంప్యూటర్ పంపిస్తానంటున్నాడు. ప్రూఫు కూడా అదే చూసేసుకుంటుందిట.”

“అది ప్రూఫు చూస్తే నేనేం చూడాలి?”

“మడతల దగ్గర ఇద్దరు తక్కువయ్యారు కదా.”

మడతలంటే వెనక రేకుల షెడ్డు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి అచ్చయిన కాగితాలను మడత పెట్టడం. ఓనరు ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. బల్ల ఆ మూలకి జరపండి అన్నట్టు అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది అక్కడే.

ఆ రోజంతా గుంపువాళ్ళ ప్రింటర్ గైడు ముందు పెట్టుకుని, అందులో ఉన్న ఏడు మెట్లూ చెప్పినవి చెప్పినట్టు చేసింది. కాగితం కొలత మార్చమంటే మార్చింది. ఆపమంటే ఆపింది. అడుగున నాలుగు వేళ్ళూ అలాగే ఉన్నాయి. ఇక అడగక తప్పలేదు.

గుంపులో ఒక ఆచారం ఉంది. కొత్తవాళ్ళు ముందు ‘కొత్తవాళ్ళ వరండా’లో పరిచయం చేసుకోవాలి. మీరెవరు, మీ కంప్యూటర్ ఏది, ఎన్నాళ్ళనుంచి లినక్స్ వాడుతున్నారు, ముందు వాడినదాన్ని ఎందుకు వదిలేశారు అని నాలుగు ప్రశ్నలు. ఇద్దరు పెద్దలు స్వాగతం అంటేనే మిగతా గదుల్లో నోరు విప్పే హక్కు. పెద్దల్లో ఒకడి పేరు పెంగ్విన్ తాత, ఇంకొకడి పేరు రూట్ బాబాయ్. ఎవరు పెట్టిన పేర్లూ కావు, వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్నారు.

ప్రూఫమ్మ రాసింది: “నమస్కారం. నేను ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. వయసు యాభై రెండు. నాలుగేళ్ళుగా పాత కంప్యూటర్‌లో లినక్స్ వాడుతున్నాను. అంతకుముందుదాన్ని నేను వదిలెయ్యలేదు, అదే పోయింది. ఇప్పుడు పెద్ద ప్రింటర్ పేజీ అడుగున నాలుగు వేళ్ళు వదిలేస్తోంది. మీ గైడు చదివి అందులో ఉన్నట్టే చేశాను, కుదరలేదు. శనివారం లోపల బాగుపడాలి.” ఒకసారి తిరిగి చదువుకుని పంపింది.

సాయంత్రం ఇంట్లో ఆవిడ బియ్యం కడుగుతుంటే కూతురు గడప మీద కూర్చుని ఆవిడ ఫోను చూసింది. కూతురు ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. రోజంతా జనానికి సూదులు గుచ్చి వచ్చిన మనిషి, చదవడమూ అలాగే చదువుతుంది.

“తాత రాశాడమ్మా. ‘ఇది పరిచయాల వరండా. ప్రశ్నలు ఇక్కడ అడగరాదు. ప్రింటర్ వాక్యాలు తీసేసి మళ్ళీ రాయండి.’”

“ఊఁ.”

“బాబాయ్ రాశాడు. ‘మా గైడు చదివినవాళ్ళకు కుదరకపోవడమనేది లేదు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదవండి.’ పక్కన నవ్వే బొమ్మ.”

బియ్యంలో చెయ్యి ఆగింది.

“ఇంకా?”

“ఇంకెవడో, ‘ఈ ఆంటీ వెనక ఏ అంకుల్ కూర్చుని టైపు చేస్తున్నాడో’ అని. దానికి ఆరుగురు నవ్వారు. నీ కిందే ఎవరో కాలేజీ పిల్లాడు తన కంప్యూటర్ తెర మీద నీలం కొండల బొమ్మ చూపించి ‘హాయ్’ అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు. వాడికి పందొమ్మిది స్వాగతాలు.” ఫోను బోర్లా పెట్టింది. “నీకెందుకే వాళ్ళ గోల? మా ల్యాబులో కంప్యూటర్లు చూసే ఆయన్ని పంపిస్తాను.”

“ఆయనేం చేస్తాడు?”

“ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాడు.”

“ఆ మాత్రం మీ నాన్న కూడా చేసేవాడు రేడియోని. పైగా రెండు తగిలించేవాడు కూడా.”

కూతురు నవ్వింది. ప్రూఫమ్మ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడను చాలా మాటలన్నారు. చాదస్తం అన్నారు, మొండిఘటం అన్నారు, ఒక కవిగారైతే కామాల పిశాచం అన్నాడు. ‘చదవలేదు’ అని మాత్రం ఎవడూ అనలేదు.

మంగళవారం ప్రింటర్ మాట తీసేసి మళ్ళీ రాసింది. ‘నాలుగేళ్ళు అంటే ఏ వెర్షన్ నుంచి?’ అన్నాడు తాత. అదీ రాసింది. తాత స్వాగతం అన్నాడు గానీ రెండో స్వాగతం చెప్పాల్సిన బాబాయ్ ఊళ్ళో లేడట. బుధవారం మధ్యాహ్నానికీ ఆవిడ పేరు పక్కన అదే మాట: పరిచయం పెండింగులో ఉంది.

ఎదురుచూస్తూ కూర్చోవడం చేతకాక, వరండాలో పాత పరిచయాలన్నీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. ఏడేళ్ళవి. అందులో తన ప్రింటర్ జబ్బే ఉన్నవాళ్ళు తొమ్మిదిమంది తేలారు. జాకెట్ల కొలతల బొమ్మలు ప్రింటు తీసుకునే ఒక దర్జీ. ప్రశ్నపత్రాలు తీసుకునే ఒక టీచరు. స్థలాలు కొలిచి పటాలు గీసే ఒకాయన. అందరికీ అడుగున నాలుగు వేళ్ళే. అందరికీ ఒకటే జవాబు: గైడు చదవండి, సరిగ్గా చదవండి. టీచరు రెండుసార్లు పోట్లాడి వెళ్ళిపోయింది. దర్జీ పోట్లాడలేదు. ‘నాలుగుసార్లు చదివానండి. నాకంత చదువు లేదు, నాదే తప్పయి ఉంటుంది’ అని రాశాడు. ఆ తర్వాత ఈ ఐదేళ్ళలో అతను ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు.

ఆ వాక్యం దగ్గర ప్రూఫమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాబాయ్ తనని అన్నప్పుడు కూడా ఇంత ఎక్కలేదు. ఫోను డబ్బా పక్కన పడేసి, వెళ్ళి గైడును ప్రింటు తీసింది. అది కూడా అడుగు తెగే వచ్చింది. ఆరూ ఏడూ మెట్లు లేవు. ఖాళీగా వదిలిన ఆ నాలుగు వేళ్ళ మేరలో వాటిని తనే చేత్తో రాసుకుంది.

గురువారం పొద్దున మెషిన్ నడిపే మామయ్యను పిలిచింది. ప్రెస్సులో ఆవిడకంటే పాతవాడు ఆయనొక్కడే.

“మామయ్యా, ఇది పైకి చదువు. పాత రోజుల్లో చదివేవాళ్ళం చూడు, ఒకళ్ళు చదవడం, ఒకళ్ళు చూడడం. నువ్వు చదివిందే నేను చేస్తాను.”

“ఇదేం పుస్తకం?”

“గుంపువాళ్ళ బైబిలు. చదువు.”

మామయ్య మసిచేతులు చొక్కాకి తుడుచుకుని మొదలుపెట్టాడు. నాలుగు మెట్లూ ఏ గొడవా లేకుండా దాటాయి.

“ఐదు. ప్రింటర్ల ఫైలు తెరిచి, కాగితం కొలత మార్చి, సేవ్ చెయ్యండి.”

“చేశాను.”

“ఆరు. ప్రింటర్ సర్వీసును ఆపండి.”

“ఆపాను.”

“ఏడు. సర్వీసును మళ్ళీ...”

“ఆగు మామయ్యా.”

సోమవారం నుంచి ఎన్నిసార్లు చేసినా ఈ చోట ఆగలేదు. ఆగమని గైడులో లేదు. కానీ కాగితం మీద పనైతే ఇక్కడ ఆగకుండా ఉండేదా? దిద్దిన తర్వాత రెండో ప్రూఫు తెప్పించుకోకుండా అచ్చుకు పంపేదా? ఫైలు మళ్ళీ తెరిచింది. తను ఇప్పుడే మార్చిన కొలత అందులో లేదు. పాత కొలతే కూర్చుని ఉంది.

“సేవ్ చెయ్యలేదేమో అమ్మాయ్.”

“నువ్వు కూడా మొదలుపెట్టకు మామయ్యా!”

మొదటినుంచి మళ్ళీ చేసింది. ఐదో మెట్టు తర్వాత ఫైలు తెరిస్తే కొత్త కొలత ఉంది. ఆరో మెట్టు తర్వాత తెరిస్తే లేదు. ఆ సర్వీసు, అంటే కంప్యూటర్ లోపల ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాము, ఆగిపోతూ ఆగిపోతూ, తన దగ్గర గుర్తున్న పాత వివరాలనే ఫైలు నిండా రాసేసి మరీ పోతోంది. ముందు దాన్ని ఆపాలి. ఆగాక కొలత మార్చాలి. ఆరు ముందు, ఐదు తర్వాత. గైడులో రెండు మెట్లూ అటుదిటు అయ్యాయి.

ఆ వరసలో చేసి ప్రింటు కొట్టింది. వానపాముల పుస్తకం నలభయ్యో పేజీ అడుగుదాకా నిండుగా వచ్చింది. చివరి ఫుట్‌నోటు: ‘ఈ విషయంలో ఆ పెద్దమనిషి అభిప్రాయం ఆయన దగ్గరే ఉంచుకోవచ్చు.’

“వచ్చేసిందిగా! ఇంకా ఆ మొహమేంటి?” అన్నాడు మామయ్య.

“ఏడేళ్ళు మామయ్యా.”

“ఏం ఏడేళ్ళు?”

“ఏడేళ్ళుగా ఆ పేజీ తప్పు. తెలిసినవాళ్ళు అలవాటుకొద్దీ ముందు ఆపి తర్వాత మార్చుకుంటున్నారు, గైడు మొహం చూడరు. తెలియనివాళ్ళు దాన్ని నమ్మి అందులో ఉన్నట్టే చేస్తున్నారు. చెయ్యలేదని తిట్లు తింటున్నారు. ఆ గైడు చదవనిది ఎవరంటే, చదవమని చెప్పేవాళ్ళు!”

ఆవిడ గొంతు విని ఓనరు గదిలోంచి వచ్చాడు. బల్ల మీది పేజీ చూశాడు.

“చూశారా, అయిపోయింది. ఊరికే కంగారుపడ్డారు.”

“నేను పడ్డానా?”

“అదే, అందరం.”

“మడతల మాటేంటి?”

“అదేదో మాటవరసకి అన్నాను ప్రూఫమ్మా.”

“మాటవరసకి నన్ను షెడ్డులో నిలబెట్టారు. ఇప్పుడు మాటవరసకి కాకుండా చెప్పండి, మామయ్య వింటుండగా.”

ఓనరు మామయ్య వంక చూశాడు. మామయ్య కిటికీ వంక చూశాడు.

“ఈ బల్ల మీదే. బావమరిదికి వద్దని చెప్పేస్తాను.”

“మంచిది” అని ఆవిడ పేజీ మీదికి వంగింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడోసారి పరిచయం రాసింది.

“నేను ప్రూఫులు చూస్తాను. మీ గైడులో ఆరో మెట్టు ముందు రావాలి, ఐదోది తర్వాత. సర్వీసు నడుస్తుండగా ఫైలు మారిస్తే, ఆగేటప్పుడు అది ఆ మార్పును చెరిపేస్తుంది. చేసి చూసుకోండి. ఈ తప్పు వల్ల మీ దగ్గరికి వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళు తొమ్మిదిమంది, వాళ్ళు రాసుకున్న తేదీలు కింద ఇస్తున్నాను. వాళ్ళు చదవలేదని మీరన్నారు. వాళ్ళు చదివారు. చదివినట్టే చేశారు. చదవనివాళ్ళు మీరు.”

అరగంటలో గైడు మారిపోయింది. ఐదు, ఆరు చక్కగా చోట్లు మార్చుకున్నాయి. పెంగ్విన్ తాత ‘మంచి పరిశీలన అమ్మా’ అన్నాడు. ఊళ్ళో లేని బాబాయ్ ఉన్నట్టుండి ఊళ్ళోకొచ్చి ‘స్వాగతం’ అని రెండు పువ్వులు పెట్టాడు. ఆవిడ గైడు పేజీని పైనుంచి కిందిదాకా చూసింది. ఇది ఏడేళ్ళు తప్పుగా ఉందన్న ముక్క ఎక్కడా లేదు. పుట్టినప్పటినుంచీ ఇలాగే ఉన్నట్టు అమాయకంగా కూర్చుంది.

తాతకు రాసింది: “పుస్తకం బయటికి వెళ్ళిపోయాక తప్పు దొరికితే మేం తప్పొప్పుల పట్టిక అచ్చువేసి మొదటి పేజీలో అతికిస్తాం. మీరూ పైన ఒక వాక్యం పెట్టండి. ఈ గైడు ఏడేళ్ళు తప్పుగా ఉంది, దీని ప్రకారం చేసి కుదరనివాళ్ళ తప్పేమీ లేదు అని.”

తాత చాటుగా జవాబిచ్చాడు. “అలా పెడితే కొత్తవాళ్ళకి మన మీద నమ్మకం పోతుందమ్మా. సరిచేశాం కదా, వదిలెయ్యండి.”

“వాళ్ళ మీద వాళ్ళకే నమ్మకం పోయినా ఫర్వాలేదా? ఆ వాక్యం పెట్టేదాకా నాకు మీ స్వాగతం వద్దు. వెనక్కి తీసుకోండి.”

తాతకు రోషం ఎక్కువే. తీసుకున్నాడు.

వానపాముల పుస్తకం అచ్చయి, మడతలై, బయటికి వెళ్ళి మూడు నెలలైంది. ప్రూఫమ్మ రోజూ డబ్బా మూత పెట్టాక గైడు పేజీ తెరుస్తుంది. వాక్యం ఉండదు. తర్వాత దర్జీకి గుంపు ద్వారానే తను విడిగా పంపిన ఉత్తరం తెరుస్తుంది. ‘మీరు సరిగ్గానే చదివారు, తప్పు వాళ్ళది’ అని మొదలయ్యే ఆ ఉత్తరం కింద, అవతలి మనిషి ఇంకా తెరవలేదన్న గుర్తు అలాగే ఉంటుంది. అప్పుడు వరండాలోకి వెళ్తుంది. పరిచయం పెండింగులో ఉన్నవాళ్ళు నలుగురికీ కనిపించేలా రాయగలిగే చోటు అదొక్కటే. ఎవరైనా కొత్తవాళ్ళు ‘చదివానండి, కుదరలేదు’ అని ఉంటే, పెద్దలు లేచి వచ్చేలోపు ‘ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పండి, ఇద్దరం కలిసి చూద్దాం’ అని రాస్తుంది.

“ఇంకా కోపం పోలేదా అమ్మాయ్?” అంటాడు మామయ్య, పక్కన టీ గ్లాసు పెడుతూ.

“ఆ వాక్యం పెట్టనీ మామయ్యా, పోతుంది.”