కలుపు మేడమ్ పందెం

ఆ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఎక్కడని అడిగితే గేటు దగ్గర కాపలావాడు కాస్త తడుముకుంటాడేమో గానీ, కలుపు మేడమ్ గది అంటే వేలు చూపించి మరీ పంపిస్తాడు. ఆ పేరు ఊరికే రాలేదు. పల్లెటూరి బడిలో పలక పట్టిన పిల్ల, ప్రతి పరీక్షలోనూ మొదటి తరగతి తెచ్చుకుని, డాక్టరేటు పుచ్చుకుని, చదివిన చోటే అధ్యాపకురాలైంది. కలుపు మొక్కల మీద ఆమె రాసిన పరిశోధన పత్రాలను పరాయి దేశాలవాళ్లు కూడా వెతుక్కుని చదువుతారు.

"మేం జీవితమంతా పీకి పారేసినదాన్ని నువ్వు పెంచుతున్నావటగా!" అని తండ్రి ఫోనులో ఆటపట్టించేవాడు.

"పెంచడం కూడా లేదు నాన్నా. దానంతటదే ఎలా పెరుగుతుందో చూస్తున్నానంతే."

"చూసినందుకు జీతం కూడానా తల్లీ!"

అలా చూడడానికే విభాగం వెనక ఒక మడి ఉంది. ఏళ్ల తరబడి దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు. ప్రొఫెసర్ పదవికి ఆమె పేరు పరిశీలనకు వచ్చినప్పుడు, ఎంపిక సంఘం ఆ మడిని స్వయంగా చూస్తామంది.

తీరా ఆ రోజు పొద్దున వెళ్లేసరికి మడి బోడిగుండులా ఉంది.

తోటమాలి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "పెద్దలొస్తున్నారట కదా మేడమ్! గడ్డంతా పారతో చెక్కించేశా. అద్దంలా ఉంది చూడండి!"

ఏళ్లుగా చూస్తున్నదంతా ఒక్క పూటలో పోయింది. కానీ అతని మొహంలో సంబరం చూశాక తిట్టడానికి నోరు రాలేదు.

విభాగాధిపతి పరుగున వచ్చాడు. "కొంప మునిగింది! మడి ఊసెత్తకండి. గదిలో కూర్చోబెట్టి ఫొటోలు చూపించి పంపేద్దాం."

"ఎందుకు సార్? పోయింది పైన గడ్డేగా. నేను చదివిందంతా అడుగునే, వేళ్లలోనూ విత్తనాల్లోనూ ఉంది."

సంఘాన్ని ఆ బోడి నేల దగ్గరికే తీసుకెళ్లింది.

"ఇక్కడ చూడడానికేముందమ్మా?" అన్నాడు సంఘం పెద్ద.

"ఇప్పుడేమీ లేదండీ. వాన పడనివ్వండి. ఈ గట్టు పక్కన తుంగ లేస్తుంది, నడుమ గరిక, ఆ గోడ మూల వయ్యారిభామ. ఎక్కడ ఏది లేస్తుందో ముందే చెప్పలేకపోతే ఇన్నేళ్ల నా పరిశోధన దేనికి? అప్పటిదాకా మీ నిర్ణయం ఆపండి."

విభాగాధిపతి తల పట్టుకున్నాడు. పదవి ఇవ్వమని బతిమాలేవాళ్లనే చూసిన సంఘానికి, ఇప్పుడే ఇవ్వొద్దనే మనిషి తగలడం అదే మొదలు.

"సరే, పందెం!" అన్నాడు పెద్దాయన.

వానలు పడ్డాయి. గట్టు పక్కన తుంగ సూదుల్లా లేచింది. నడుమ గరిక పాకింది. గోడ మూల మాత్రం వయ్యారిభామ జాడే లేదు, పల్లేరు పరుచుకుంది.

తోటమాలి గొంతు తగ్గించి, "హాస్టల్ వెనక వయ్యారిభామ బోలెడుంది మేడమ్. తెచ్చి నాటెయ్యనా?" అన్నాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఈ మడి వైపు మాత్రం రాకు!"

సంఘం మళ్లీ వచ్చినప్పుడు ఆమె ముందుగా గోడ మూలకే నడిపించింది. "ఇక్కడ నా అంచనా తప్పిందండీ."

"ఎందుకు తప్పింది?"

"ఇంకా తెలీదు. గోడ నీడ వల్లనేమో. తేల్చాలంటే మరికొన్ని వానాకాలాలు పడతాయి."

పెద్దాయన ఒంగి పల్లేరు తీగను ఎత్తి చూశాడు, మిగిలిన మడినంతా కలియజూశాడు. "అయితే ఆ వానాకాలాలేవో ప్రొఫెసర్‌గానే చూద్దురుగాని."

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఆ విభాగం పుట్టాక ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే.