మిస్డ్ కాల్ ఇవ్వని మోటారు

కామారెడ్డిలో నా షెడ్డులో చెక్క మీద పూలు చెక్కే మిషన్ ఉంది. టేకు గట్టిగా తగిలితే దాని ఉలిని కొంచెం కొంచెంగా జరిపే స్టెప్పర్ మోటారు, కంప్యూటర్ చెప్పినన్ని స్టెప్పులు తిరగడం లేదు. కంప్యూటరేమో తిరిగిందనే అనుకుంటుంది. వారం రోజులుగా నేను సాఫ్ట్‌వేర్లు మారుస్తూ కూర్చున్నాను. ఇవాళ పొద్దున ఒక తలుపు మీద పువ్వు వంకరపోయింది.

అప్పుడే అమ్మ ఎల్లారెడ్డి బస్సుకు బయలుదేరింది.

"దిగినంక మిస్డ్ కాల్ ఇయ్యి" అన్నాను.

అమ్మ పువ్వు వంకరపోయిన ఆ తలుపు వైపు చూసింది. "నన్నైతే అడుగుతవ్. గా మోటరు చెప్పిన కాడికి పోయిందో లేదో ఎందుకడగవు?"

పని చెప్పి ఊరుకోక, జరిగిందో లేదో తిరిగి కబురు తెప్పించుకోవడం. పుస్తకాల్లో క్లోజ్డ్ లూప్ అనేది ఇదే. మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్, ఆ మాట విని తప్పిన స్టెప్పులు సరిదిద్దే డ్రైవర్ బోర్డు రెండూ హైదరాబాదుకు ఫోన్ చేసి ఆర్డరిచ్చాను.

పది నిమిషాలకే అమ్మ మిస్డ్ కాల్ వచ్చింది. బస్సు ఇంకా ఊరు కూడా దాటి ఉండదు. కంగారుగా ఫోన్ చేశాను.

"మల్ల యాది మరుస్తనని ఇప్పుడే కొట్టిన బిడ్డా."

వచ్చే ఎన్‌కోడర్‌కు మా అమ్మ బుద్ధి లేకుంటే చాలు. మీ ఇళ్లలో మిస్డ్ కాల్ దిగాక వస్తుందా, ఎక్కగానే వస్తుందా?