పాకలో వదిలేసి వచ్చిన బాతుపిల్ల

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, ఒక ప్రాణాన్ని నేనే తయారుచేస్తున్నానని నమ్మాను. రెండో పంట, దాళ్వా వరి కోతలయ్యాక మా చేలో బాతుల్ని మేపుకోవడానికి వచ్చినవాళ్ళు నాకో గుడ్డు ఇచ్చారు. నాయనమ్మ పొదగేసిన కోడి కింద దాన్ని ఎవరికీ తెలియకుండా పెట్టాను. కోడిపిల్లలన్నీ బయటికొచ్చి తల్లి వెంట వెళ్ళిపోయాయి. బాతుగుడ్డుకు మాత్రం ఇంకా రోజులు నిండలేదు. దాన్ని పశువుల పాకలో, ఉలవలు ఉడికించే పొయ్యి పక్కన, ఊకబుట్టలో దాచాను. రోజూ అటూ ఇటూ తిప్పేదాన్ని. చెవికి ఆనించుకుని వినేదాన్ని. ఆ రోజులన్నీ నిద్రలో నడిచినట్టే గడిచాయి.

ఒక ఆదివారం, ముసురు పట్టిన మధ్యాహ్నం, పెంకు మీద చిన్న బెజ్జం పడింది. లోపల కిచకిచ వినిపించింది కానీ ఎంతసేపు చూసినా పిల్ల బయటికి రాలేదు. ఆగలేక గోళ్ళతో పెంకు ఒలిచేశాను. పసుపుపచ్చ బంతిలాంటి పిల్ల వస్తుందనుకున్నాను. చేతిలోకి వచ్చింది తడితడిగా, నెత్తురంటుకుని, ఒక కాలు మెలి తిరిగి, మెడ నిలవకుండా ఉంది. అది కళ్ళు విప్పి, నా వైపు తిరిగి నోరు తెరిచింది. దాన్ని ఊకలో పడేసి, తలుపు లాగేసి పరుగెత్తాను.

ఎక్కడికి వెళ్ళాలో తెలియక పక్కింటి టీచరమ్మగారి వరండా ఎక్కాను. ఆవిడ మిషన్ స్కూల్లో ఇంగ్లిషు చెప్పేవారు. చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, ఒక పాత ఇంగ్లిషు నవల చదువుకుంటున్నారు. వానలో తడిసి వచ్చిన నన్ను చూసి, తువ్వాలు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పుస్తకంలోని కథ చెప్పడం మొదలుపెట్టారు.

ఎక్కడో చలిదేశంలో, తల్లి పోయిన ఒక కుర్రాడు. చదువుకుంటూ చదువుకుంటూ, చావునే జయించాలని, తిండీ నిద్రా మాని, శవాల ముక్కలు కూర్చి ఒక మనిషిని చేశాడు. అందంగా ఉంటాడనుకున్నాడు. తీరా ఆ మనిషి కళ్ళు తెరిచేసరికి భయపడి గదిలోంచి పారిపోయాడు. ఆవిడ గొంతూ చూరునీళ్ళ చప్పుడూ కలిసిపోయి, ఆ గదీ మా పాకా నాకు ఒకటే అయిపోయాయి.

"ఆ మనిషి ఏం చేశాడండీ?" అన్నాను.

"ఏం చేస్తాడమ్మా, అప్పుడే పుట్టాడు కదా. చెయ్యి చాపాడు. పట్టుకునేవాళ్ళు లేరు. తర్వాత చాలా ఘోరాలు చేశాడులే. కానీ ఆ పూటకి వాడు పసిబిడ్డే."

"అయితే ఆ కుర్రాడే చెడ్డోడండీ." అంటుంటేనే నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ పుస్తకం మూశారు. "అలా అనకు తల్లీ. ఎంత ఆశపడి చేశాడో అంత భయం వేసింది వాడికి. భయపడ్డవాణ్ణి తిట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. 'పద, నేనూ వస్తా' అని ఆ పూట వాడితో ఎవరూ అనలేదు."

"మళ్ళీ వెనక్కి వెళ్ళలేదాండీ?"

"వెళ్ళాడు, మర్నాడు. అప్పటికి గది ఖాళీ."

నేను దిగ్గున లేచాను. ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ గొడుగు కోసం కూడా చూడలేదు. "పద, నేనూ వస్తున్నా," అని నా చెయ్యి పట్టుకుని వానలోకి దిగారు.

పాకలో పిల్ల కదలకుండా పడి ఉంది. ఆవిడే చూసుకుంటారనుకుని వెనక్కి జరిగి నిలబడ్డాను. ఆవిడ దాన్ని తన చేతుల్లో ఉంచుకోలేదు. నా అరచేతుల్ని దోసిలిలా పట్టించి అందులో పెట్టారు. మంచులా ఉంది. "తొందరపడి ఒలిచావు, కాలు అందుకేనేమో. ఇప్పుడు మాత్రం తొందరపడకు," అన్నారు. పొయ్యి ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చేతులు తిమ్మిరెక్కాక, నా వేళ్ళ మధ్య గోరంత కదలిక తగిలింది.

అది రెండేళ్ళు బతికింది. నేల మీద కుంటేది. కాలవలోకి దిగితే మాత్రం ఆ కుంటు ఎవరికీ కనపడేది కాదు.

పెద్దయ్యాక ఆ నవల నేనే చదివాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ కుర్రాడు గదిలోంచి పరుగెత్తే చోటికి రాగానే ఇప్పటికీ ఆగిపోతాను. వాడి మీద నాకు కోపం రాదు. ఆ గదిలో ఒంటరిగా చెయ్యి చాపి ఉన్నవాణ్ణీ మరచిపోలేను. వెళ్ళు నాయనా, ఇంకా లోపలే ఉన్నాడు, వెళ్ళి చూడు, అని నాలో నేను అనుకుంటాను. పేజీ తిప్పడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.